ఈ-సైకిల్‌పై దూర ప్రయాణం: గేర్లు ఎలా ఎంచుకోవాలి, సంచిలో ఏ పానాలు (స్పానర్లు) ఉండాలి

బెంగళూరులో ఆఫీసుకని ఈ-సైకిల్ కొన్నవాళ్లు నాలుగు నెలలు తిరిగేసరికి నంది కొండ మీదో, లేపాక్షి మీదో కన్నేస్తారు. అక్కడి నుంచి అందరివీ ఇవే ప్రశ్నలు: నా బండి కొండ ఎక్కుతుందా? గేర్లు మార్పించాలా? మోటారు ఉన్న చక్రం పంక్చరైతే ఏం చేయాలి? ఏ పానాలు మోసుకెళ్లాలి? అన్నిటికీ కలిపి ఒకచోట చెబుతున్నాను.

ఇందులో లెక్కలన్నీ ఎక్కువమంది దగ్గరుండే బండికి వేసినవి: వెనక చక్రంలో 250 వాట్ల హబ్ మోటారు, 36 వోల్టుల బ్యాటరీ, వెనక ఏడు గేర్లు, 27.5 అంగుళాల చక్రాలు. పెడల్ దగ్గర మోటారు ఉండే మిడ్‌డ్రైవ్ బండికి తేడా ఎక్కడొస్తుందో అక్కడే చెప్పాను.

గేర్ల పని ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందే మొదలుపెట్టండి. సామాను దొరకాలి, బిగించాలి, నాలుగు రోజులు తొక్కి చూడాలి. శుక్రవారం సాయంత్రం మార్పించి శనివారం తెల్లారి బయల్దేరేవాళ్లకు చైన్ దేవనహళ్లి లోపే జారుతుంది.

## 1. ముందు దారి లెక్క, బ్యాటరీ లెక్క

బ్యాటరీ మీద వోల్టులు, యాంపియర్ అవర్లు రాసి ఉంటాయి. రెండూ గుణించండి. 36 వోల్టులు, 10.4 ఏహెచ్ అయితే సుమారు 374 వాట్ అవర్లు. ఇందులో అడుగువరకూ ఊడ్చకుండా వాడుకోదగ్గది 320 అనుకోండి.

మీరూ తొక్కుతూ, అసిస్ట్ (తొక్కేటప్పుడు మోటారు ఇచ్చే సాయం) మధ్యస్థంగా పెట్టుకుంటే కిలోమీటరుకు 8 వాట్ అవర్ల దాకా పోతుంది. అంటే 40 కి.మీ. కంపెనీ డబ్బా మీద వేసే అంకె సమతలం మీద, తక్కువ అసిస్ట్‌లో, తేలికపాటి మనిషి తొక్కితే వచ్చేది. దాన్ని నమ్ముకుని దూరం వేసుకోవద్దు.

బెంగళూరు ఉత్తరాన ఉన్న హెబ్బాళ నుంచి లేపాక్షి 110 కి.మీ. పైచిలుకు. దేవనహళ్లి, చిక్కబళ్లాపురం, బాగేపల్లి, కొడికొండ చెక్‌పోస్టు మీదుగా వెళ్లి, అక్కడ హైవే దిగి లేపాక్షి వైపు తిరగాలి. బెంగళూరు సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంటే హిందూపురం ప్రాంతం 600 పైచిలుకులో ఉంది. వెళ్లేటప్పుడు మొత్తం మీద దిగుడే. "బ్యాటరీ భలే వచ్చింది" అని మురిసిపోతారు. తిరుగు ప్రయాణంలో ఆ ఎత్తంతా ఎక్కాలి. పైగా జూన్ నుంచి ఆగస్టు దాకా నైరుతి గాలి ముఖాన కొడుతుంది. కాబట్టి బ్యాటరీ లెక్క తిరుగు దారికి వేయండి.

నంది కొండ సంగతి వేరు. శిఖరం 1,478 మీటర్లు. ఘాట్ రోడ్డు ఏడున్నర కి.మీ. దరిదాపు, సగటు వాలు 6 శాతం అటూ ఇటూ, కొన్ని మలుపుల దగ్గర 10 దాటుతుంది. మనిషి, బండి, సామాను కలిపి 105 కిలోలనుకుంటే 6 శాతం వాలు మీద గంటకు 10 కి.మీ. వేగానికి చక్రం దగ్గర 190–200 వాట్లు కావాలి. 10 శాతం వచ్చిన చోట 300 వాట్లు. "మోటారు 250 వాట్లది కదా, సరిపోదా?" అంటారు. హబ్ మోటారు తన వేగంలో తిరిగినప్పుడే ఆ బలం ఇస్తుంది. బాగా నెమ్మదిస్తే బ్యాటరీ కరెంటులో పెద్దభాగం వేడిగా మారిపోతుంది.

మీ గేరు ఎంపిక మొత్తం ఈ సంగతి మీదే ఆధారపడి ఉంది. హబ్ మోటారు బలం చైన్ గుండా పోదు, గేర్లు మీ కాళ్లకే. మీ కాళ్లు సాయం పట్టలేక బండి 6 కి.మీ. వేగానికి పడిపోయిందా, మోటారు ఒంటరిగా మాడుతుంది. దాని లోపలి పళ్ల చక్రాలు చాలా బండ్లలో నైలానువి.

## 2. మీ పళ్లు లెక్కపెట్టండి

ముందు చైన్‌వీల్ (పెడళ్ల దగ్గరి పళ్ల చక్రం) మీద ఎన్ని పళ్లో, వెనక ఫ్రీవీల్ (వెనక చక్రం మీది పళ్ల చక్రాల గుత్తి)లో చిన్నదానికి, పెద్దదానికి ఎన్ని పళ్లో చూడండి. చాలావాటిపై అంకె చెక్కే ఉంటుంది. లేకపోతే ఒక పంటికి చాక్‌పీసు గుర్తు పెట్టి లెక్కించండి.

వేగం లెక్క ఇది: ముందు పళ్లను వెనక పళ్లతో భాగించి, చక్రం చుట్టుకొలత మీటర్లతో, నిమిషానికి తొక్కే చుట్లతో గుణించి, 0.06తో గుణిస్తే గంటకు కి.మీ. వస్తుంది. 27.5 అంగుళాలకు 2.1 టైరైతే చుట్టుకొలత దాదాపు 2.15 మీటర్లు.

కొండ మీద నిమిషానికి 60 చుట్లు తొక్కగలిగితే మోకాళ్లు బతుకుతాయి. ఆ లెక్కన అతి చిన్న గేరులో, అంటే వెనక అన్నిటికన్నా పెద్ద పళ్ల చక్రం మీద:

- ముందు 42, వెనక 28: గంటకు 11.6 కి.మీ.
- ముందు 42, వెనక 34: 9.6 కి.మీ.
- ముందు 36, వెనక 28: దాదాపు 10 కి.మీ.
- ముందు 36, వెనక 34: 8.2 కి.మీ.

42, 28తో నంది ఎక్కితే 10 శాతం మలుపు దగ్గర వేగం 8కి పడుతుంది, మీ తొక్కుడు 40 చుట్లకు పడుతుంది. లేచి నిలబడి తొక్కాల్సి వస్తుంది. మోటారుకూ, మోకాలికీ ఒకేసారి కష్టం.

ఇప్పుడు పై గేర్ల సంగతి. మన చట్టం ప్రకారం లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేని ఈ-సైకిల్‌కు మోటారు 250 వాట్ల లోపు, గరిష్ఠ వేగం 25 కి.మీ. లోపు ఉండాలి. అంతకు మించి తొక్కితే మోటారు ఊరుకుంటుంది, పాతిక కిలోల బండిని మీరొక్కరే లాగాలి. 42, 14 గేరులో 25 కి.మీ.కి 65 చుట్లు. 36, 14లో 75 చుట్లు. అది హాయిగా తొక్కే లయే. అంటే ముందు చైన్‌వీల్ చిన్నది చేస్తే మీరు పోగొట్టుకునేది ఏమీ లేదు. దుకాణంలో "పెద్ద చైన్‌వీల్ వేస్తే స్పీడొస్తుంది సార్" అంటే నవ్వి ఊరుకోండి.

నా సలహా ఇలా:

- హైవే మీదే తిరిగేవాళ్లు, లేపాక్షి దాకా: 42తో 14–28 సరిపోతుంది. ఖర్చు పెట్టొద్దు.
- నంది, హార్స్‌లీ హిల్స్ లాంటి ఘాట్‌లు: ముందు 36, వెనక 14–34.
- మనిషీ సామానూ కలిపి వంద కిలోలు దాటితే: ముందు 34 దొరికినా మంచిదే.

14–34 ఫ్రీవీల్‌లో ఒక చిక్కుంది. ఏడు గేర్ల రకంలో పళ్లు సాధారణంగా 14, 16, 18, 20, 22, 24 అని పోయి, ఒక్కసారిగా 34కి దూకుతాయి. 24 మీద కష్టం, 34 మీద కాళ్లు గాల్లో తిరిగినట్టుంటుంది. కొండకు అదే దిక్కు కాబట్టి భరించాలి. 34 మీదికి ఘాట్ మొదట్లోనే దిగిపోండి.

మిడ్‌డ్రైవ్ వాళ్లకు ఇదంతా ఇంకా ముఖ్యం. వాళ్ల మోటారు బలం చైన్ గుండానే వెళ్తుంది, చిన్న గేరులో మోటారు కూడా సుఖంగా తిరుగుతుంది. కానీ చైన్ త్వరగా సాగుతుంది. ఒక పిన్ను నుంచి దాని తర్వాతి 24వ పిన్ను దాకా కొత్త చైన్‌లో 304.8 మి.మీ. స్టీలు స్కేలుతో కొలిచి చూడండి. 307 దాటితే దూర ప్రయాణానికి ముందే మార్చండి.

## 3. గేర్లు మార్పించే క్రమం

పని ఈ వరసలో జరగాలి. ముందు చైన్ కొని తర్వాత ఫ్రీవీల్ వెతికితే డబ్బు దండగ.

1. డెరైలర్ (వెనక చైన్‌ను ఒక పళ్ల చక్రం నుంచి ఇంకోదానికి జరిపే భాగం) మోయగలిగే పెద్ద పళ్ల అంకె తెలుసుకోండి. కొన్ని చిన్న డెరైలర్లు 28 దగ్గరే ఆగిపోతాయి. 34 మోసేది కాకపోతే ముందు దాన్నే మార్చాలి.

2. ఫ్రీవీల్ ఊడదీసే పనిముట్టు మీ మోటారు ఇరుసు మీదుగా దూరుతుందా చూడండి. హబ్ మోటారు ఇరుసు మామూలు సైకిల్ ఇరుసుకన్నా లావు, పైగా కొన్నింటిలో కేబుల్ ఆ పక్కనుంచే వస్తుంది. గల్లీలో సైకిల్ మెకానిక్ దగ్గర ఉండే టూల్ లోపలికి దిగకపోవచ్చు. సుత్తి, ఉలి తీశాడంటే బండి వెనక్కి తీసుకోండి.

3. చైన్‌వీల్ క్రాంకుకు (పెడల్ బిగించే కడ్డీకి) బోల్టులతో ఉందా, రివిట్లతో ఉందా చూడండి. రివిట్లైతే క్రాంకు సెట్టు మొత్తం మార్చాలి.

4. క్రాంకు తీసినప్పుడు ఇరుసు మీద అయస్కాంతాలున్న బిళ్ల బయటపడుతుంది. పెడల్ తొక్కుతున్నారని మోటారుకు చెప్పేది అదే. తీసేముందు ఫోటో తీయండి. తిరగేసి బిగిస్తే మోటారు పలకదు. సెన్సారుకూ దానికీ మధ్య సందు రెండు మూడు మిల్లీమీటర్లకు మించకూడదు, తగలనూ కూడదు.

5. చైన్ పొడవు. 42, 28 కలిపితే 70. 36, 34 కలిపినా 70. రెండూ ఒకేసారి మారిస్తే పాత పొడవే దాదాపు సరిపోతుంది. వెనక ఒక్కటే 34 చేస్తే నాలుగు లింకులు కలపాలి.

6. చివరగా డెరైలర్ స్క్రూలు. పెద్ద పళ్ల మీద ఉన్నప్పుడు చైన్ చువ్వల్లోకి పడకుండా లిమిట్ స్క్రూ బిగించాలి. మోటారు చక్రం చువ్వలు విరిగితే మళ్లీ ఆ కొలత దొరకడం కష్టం.

బిగించాక బండి ఎత్తిపెట్టి పెడల్ తిప్పుతూ అన్ని గేర్లూ పైకీ కిందికీ మార్చి చూడండి. తర్వాత మనిషి బరువు మీద, ఏదైనా ఫ్లైఓవర్ ఎక్కిస్తూ చూడండి. స్టాండు మీద బాగున్న గేరు ఎక్కుడులో దూకడం మామూలే.

## 4. ఘాట్‌లో తొక్కే తీరు

మలుపు కనిపించగానే గేరు తగ్గించండి, మలుపులో కాదు. గేరు మార్చే క్షణంలో పెడల్ మీద బలం వదలండి. మిడ్‌డ్రైవ్‌లో ఇది చేయకపోతే చైన్ తెగుతుంది.

వేగం 9–10 మధ్య నిలబెట్టండి. నిలవకపోతే అసిస్ట్ పెంచేముందు ఒకసారి ఆగండి. మోటారు డొక్క మీద చెయ్యి పెట్టి చూడండి. చెయ్యి ఉంచలేనంత వేడిగా ఉంటే పావుగంట నీడన పెట్టాల్సిందే. నీళ్లు పోసి చల్లార్చొద్దు.

థ్రాటిల్ (తొక్కకుండానే మోటారును నడిపే హ్యాండిల్ మీది మీట) ఒక్కదానితో ఎక్కడం మోటారుకు అన్నిటికన్నా చేటు. దాన్ని ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర కదలడానికే ఉంచుకోండి.

## 5. పనిముట్ల సంచి

ఇంట్లో మీ బండి మీద ఒక్కసారైనా వాడి చూడని పనిముట్టు సంచిలోకి రాకూడదు. ఆన్‌లైన్‌లో దొరికే పదహారు పనుల మల్టీటూల్ చేతిలో ముద్దుగా ఉంటుంది కానీ, వెనక చక్రం నట్టు దగ్గర దానికి పని లేదు.

తప్పనిసరి:

- వెనక మోటారు నట్టుకు రింగు పానా. ఎక్కువగా 18, కొన్నింటికి 19. మీదేదో పెట్టి చూసుకోండి. ముందు చక్రానికి సాధారణంగా 15.
- ఎలెన్ కీలు 3, 4, 5, 6, డిస్క్ బోల్టులకు టి25, స్టార్ స్క్రూడ్రైవర్.
- కొత్త ట్యూబులు రెండు, మీ టైరు కొలతవే.
- ప్యాచ్‌లు, సొల్యూషన్, ఎమరీ పేపరు. సొల్యూషన్ ట్యూబు ఒకసారి తెరిచాక ఎండిపోతుంది, కొత్తది పెట్టుకోండి.
- ప్లాస్టిక్ టైరు లీవర్లు మూడు, చేతి పంపు.
- చైన్ టూల్, క్విక్ లింకులు (తెగిన చైన్‌ను చేత్తో కలిపే లింకులు) రెండు. ఏడు, ఎనిమిది గేర్ల చైన్‌కు ఒకటే లింకు, తొమ్మిదికి వేరు.
- జిప్ టైలు ఓ గుప్పెడు, ఇన్సులేషన్ టేపు, చిన్న కటింగ్ ప్లయర్.
- డెరైలర్ హ్యాంగర్ (డెరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే ముక్క) మీ మోడల్‌దే ఒకటి. బండి ఆ పక్కకు పడితే ముందు వంగేది అదే.
- బ్యాటరీ తాళం చెవి, రెండోది కూడా, వేరే జేబులో.

రెండు రోజుల ప్రయాణమైతే బ్రేక్ ప్యాడ్లు ఒక జత, గేరు కేబుల్ ఒకటి, చువ్వల పానా, చిన్న మల్టీమీటర్ కలపండి. మల్టీమీటర్, వైర్లు, ఫ్యూజులు బెంగళూరు ఎస్పీ రోడ్డు అంగళ్లలో చవకగా దొరుకుతాయి.

పానా పొడవు గురించి ఒక మాట. మోటారు నట్టుకు 40 న్యూటన్ మీటర్ల దాకా బిగువు కావాలి. 15 సెం.మీ. పొట్టి పానాతో అది 27 కిలోల బలం. 25 సెం.మీ. పానాతో 16 కిలోలు. పొడుగుదే మోయండి, ఆ రెండొందల గ్రాములు దండగ కావు.

## 6. మోటారు చక్రం పంక్చరైతే

చక్రం ఊడదీయకుండానే నూటికి తొంభై పంక్చర్లు వేయొచ్చు. ఇది తెలియకే చాలామంది భయపడతారు.

1. బండి ఆపు చేసి బ్యాటరీ తీసి పక్కన పెట్టండి. బరువు తగ్గుతుంది, పొరపాటున మోటారు తిరగదు.

2. సర్వీస్ రోడ్డు అంచున, మోటారు కేబుల్ ఉన్న వైపు పైకి కనబడేలా బండిని పడుకోబెట్టండి. ఇద్దరుంటే ఒకరు వెనక చక్రం ఎత్తి పట్టుకోవచ్చు. తిరగేసి నిలబెడితే హ్యాండిల్ మీది డిస్‌ప్లే కింద గ్లవ్స్ పెట్టండి. ఆయిల్ బ్రేకులుంటే తిరగేయకపోవడమే మేలు.

3. టైరు మెల్లగా తిప్పుతూ గుచ్చుకున్నది వెతకండి. పల్లె దారిలో తుమ్మ ముల్లు, హైవే మీద లారీ టైర్ల నుంచి రాలిన సన్నని ఇనప తీగ. కనిపించగానే పీకేయొద్దు. ఆ చోట టేపు అంటించి, తర్వాత తీయండి.

4. మిగిలిన గాలి పూర్తిగా తీసి, టైరు అంచును రెండువైపులా నొక్కి రిమ్ము నడుమ గాడిలోకి నెట్టండి. అప్పుడు లీవర్ సులువుగా దిగుతుంది. కేబుల్‌కు దూరంగా, టేపు పెట్టిన చోట మొదలుపెట్టండి.

5. ట్యూబు ఆ మేరకు బయటికి లాగి, కాస్త గాలి కొట్టి, బుగ్గకు దగ్గరగా పెట్టి చూడండి. సన్నగా గాలి తగులుతుంది. తగలకపోతే సీసాలో నీళ్లు రాయండి.

6. ఎమరీ పేపరుతో రుద్ది, సొల్యూషన్ పలచగా పూసి, మెరుపు పోయేదాకా మూడు నాలుగు నిమిషాలు ఆగండి. తడిగా ఉండగానే ప్యాచ్ వేస్తే పది కిలోమీటర్లకు లేస్తుంది. తొందర ఇక్కడే కొంప ముంచుతుంది.

7. టైరు లోపల గుడ్డతో తడమండి, వేలితో కాదు. తీగ ముక్క మిగిలి ఉంటే గుడ్డకు పట్టుకుంటుంది.

8. టైరే కోసుకుపోతే నందిని పాల ప్యాకెట్ నాలుగు మడతలు పెట్టి, చీలిక కింద ట్యూబుకూ టైరుకూ మధ్య పెట్టండి. ఇంటికి చేరుస్తుంది.

9. టైరు ఎక్కించడం వాల్వు దగ్గర ముగించండి. వాల్వును ఒకసారి లోపలికి నొక్కి వదిలితే ట్యూబు అంచు కింద ఇరుక్కోదు.

వాల్వు మోటారుసైకిల్ రకమైతే దారిలో ఏ పంక్చర్ షాపులోనైనా గాలి పట్టించుకోవచ్చు. కానీ కంప్రెసర్ గొట్టం వాళ్ల చేతికే వదిలేయకండి. టైరు పక్కన రాసి ఉన్న గరిష్ఠ పీడనం చెప్పి, మీటరు చూస్తూ పట్టించండి.

## 7. చక్రం ఊడదీయక తప్పదంటే

వాల్వు మొదలు తెగితేనో, ట్యూబు నిలువునా చీలితేనో ఇది తప్పదు. ఇంట్లో ఒకసారి చేసి చూడండి. రోడ్డు పక్కన మొదటిసారి నేర్చుకునే పని కాదు.

కేబుల్ పట్టి ఉంచిన జిప్ టైలు కత్తిరించండి. మోటారు కనెక్టర్ మీద రెండు బాణం గుర్తులు ఎదురెదురుగా ఉంటాయి. నేరుగా లాగండి, మెలితిప్పితే లోపలి పిన్నులు వంగుతాయి. చైన్‌ను వెనక అతి చిన్న పళ్ల చక్రం మీదికి తెచ్చి పెట్టండి. నట్టు వదులు చేసేముందు రెండువైపులా వాషర్ల వరస ఫోటో తీయండి. ఒక వాషర్‌కు చిన్న కొక్కెం ఉంటుంది, అది ఫ్రేము గాడిలో కూర్చుని ఇరుసు తిరగకుండా ఆపుతుంది.

తిరిగి పెట్టేటప్పుడు ఆ కొక్కెం గాడిలోనే కూర్చోవాలి, కేబుల్ కింది వైపుకు దిగాలి. కేబుల్ పైకి ఉంటే వాన నీరు దాని వెంటే మోటారులోకి పోతుంది. నట్టులు వదులుగా ఉంటే అసిస్ట్ పడగానే ఇరుసు తిరిగి కేబుల్‌ను తెంచేస్తుంది. అది రోడ్డు మీద బాగయ్యే పని కాదు, టెంపో మాట్లాడుకోవాల్సిందే.

## 8. మోటారు పలకకపోతే ఈ వరసలో చూడండి

- డిస్‌ప్లే వెలగడం లేదు: బ్యాటరీ గూట్లో సరిగ్గా కూర్చుందా, తాళం తిరిగిందా.
- డిస్‌ప్లే వెలుగుతోంది, మోటారు లేదు: బ్రేక్ లివర్ పూర్తిగా వెనక్కి వచ్చిందా. లివర్ కొద్దిగా ఇరుక్కున్నా మోటారు ఆగిపోతుంది. సగం సందర్భాల్లో ఇదే.
- థ్రాటిల్‌కు పలుకుతోంది, తొక్కితే లేదు: పెడల్ దగ్గరి అయస్కాంతాల బిళ్ల జరిగింది.
- ఎక్కుడులో ఆగి ఆగి వస్తోంది: బ్యాటరీ అడుగంటింది. అసిస్ట్ తగ్గించి, చిన్న గేరులో తొక్కండి.
- వానలో ఆగింది: కనెక్టర్లు విప్పి, గుడ్డతో తుడిచి, గాలికి ఆరనిచ్చి పెట్టండి.

బ్యాటరీ డబ్బా మాత్రం రోడ్డు పక్కన విప్పొద్దు, ఎవరు విప్పుతామన్నా ఒప్పుకోవద్దు.

## 9. చార్జింగ్, సర్దుడు

2 యాంపియర్ల చార్జర్‌తో గంటన్నర పెడితే 3 ఏహెచ్ ఎక్కుతుంది, అంటే 12–14 కి.మీ. సరిపడా. టిఫిన్ దగ్గర అరగంట పెడితే లాభమేమీ ఉండదు. మధ్యాహ్నం భోజనం, కునుకు కలిపి మూడు గంటలు ఆగేలా వేసుకోండి. చిక్కబళ్లాపురం నుంచే తెలుగు బాగా నడుస్తుంది, బాగేపల్లిలో అయితే మన ఊళ్లో ఉన్నట్టే. "అన్నా, భోంచేసేదాకా చార్జింగ్ పెట్టుకుంటా, కరెంటు డబ్బులిస్తా" అని అడిగితే కాదనేవాళ్లు తక్కువ. కొండ దిగగానే వేడి బ్యాటరీకి చార్జర్ తగిలించకండి, అరగంట ఆగండి.

బరువంతా క్యారియర్ పక్క సంచుల్లో, కిందికి. పనిముట్లు వీపు మీద మోయొద్దు, పడితే వెన్నుకు తగులుతాయి. పానాలను పాత ట్యూబు ముక్కలో చుట్టండి, గలగలలాడవు. చార్జర్ టవల్లో, వేరే సంచిలో. పంక్చర్ సామాను అన్నిటికన్నా పైన.

ముందురోజు రాత్రి:

- బ్యాటరీ నిండింది, రెండు తాళం చెవులూ ఉన్నాయి
- వెనక నట్టులు పానా పెట్టి చూశాను
- టైర్లలో గాలి, బ్రేక్ ప్యాడ్ల మందం చూశాను
- చైన్ తుడిచి నూనె వేశాను, మిగులు నూనె తుడిచేశాను
- చార్జర్, మూడు పిన్నుల ఎక్స్‌టెన్షన్ సంచిలో ఉన్నాయి
- ఎరర్ కోడ్ల పేజీ, వాషర్ల ఫోటో ఫోన్లో ఉన్నాయి
- ముందు, వెనక లైట్లు వెలుగుతున్నాయి

ఇంటికొచ్చాక బ్యాటరీని వెంటనే నిండా చార్జి చేయకండి. వారం దాకా తొక్కకపోతే సగం పైన ఆపి, ఎండ తగలని చోట పెట్టండి. కొత్తగా ఫ్రీవీల్ వేయించి ఉంటే మొదటి పెద్ద ప్రయాణం తర్వాత గేరు కేబుల్ సాగుతుంది. డెరైలర్ దగ్గరి తిప్పుడు బిళ్లను పావు చుట్టు చొప్పున తిప్పుతూ సరిచేసుకోండి.